'ఛార్జ్‌డ్' అని రాయాలా, 'వాజ్ ఛార్జింగ్' అని రాయాలా? డీవియేషన్ రిపోర్ట్ దగ్గర పేచీ

పరవాడ నైట్‌షిఫ్ట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖ దగ్గర పరవాడలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌గా చేస్తున్నాను. మాది పలాస వైపు. టెన్త్ దాకా తెలుగు మీడియం, తర్వాత బీయస్సీ కెమిస్ట్రీ. పని వచ్చు. చేసిన పనిని ఇంగ్లీషులో కాగితం మీద పెట్టేటప్పుడే టెన్షన్.

సంగతేంటంటే, ఈమధ్య ఒక రాత్రి రియాక్టర్లోకి టోలుయీన్ (మండే ద్రావకం) ఎక్కిస్తుంటే, అంటే మా భాషలో ఛార్జ్ చేస్తుంటే, రెండూ పదికి పంపు ట్రిప్ అయింది, దానంతటదే ఆగిపోయింది. బ్యాచ్ రికార్డు ప్రకారం ఎక్కాల్సింది 600 లీటర్లు. ఫ్లో మీటరు 380 దగ్గర ఆగింది. ఓవర్‌లోడ్ రిలే (లోడు ఎక్కువైతే మోటారుని ఆపేసే స్విచ్) కొట్టేసిందని ఎలక్ట్రీషియన్ చూసి రీసెట్ చేశాడు, మిగతా 220 ఎక్కించాం, బ్యాచ్‌కి ఏమీ కాలేదు. అయినా డీవియేషన్ రిపోర్ట్ (అనుకున్న పద్ధతి తప్పినప్పుడు రాసే కాగితం) రాయాలి కదా.

డ్రాఫ్ట్‌లో మొదటి వాక్యం ఇలా ఉంది: "ఎట్ 02:10, ద ఆపరేటర్ ఛార్జ్‌డ్ టోలుయీన్ అండ్ ద పంప్ ట్రిప్‌డ్." క్యూఏలో (నాణ్యత చూసే విభాగంలో) ఒకావిడ దాన్ని కొట్టేసి "ద ఆపరేటర్ వాజ్ ఛార్జింగ్ టోలుయీన్ వెన్ ద పంప్ ట్రిప్‌డ్" అని పెన్నుతో రాసి వెనక్కి పంపింది. అది చూసి మా ప్రొడక్షన్ మేనేజరు ఒప్పుకోలేదు. "ఐఎన్‌జీ పెడితే పని ఇంకా నడుస్తోందన్నట్టు ఉంటుంది, రేపు ఆడిటర్ వచ్చి అప్పుడు అయిందా కాలేదా అని పట్టుకుంటాడు, అయిపోయిన పనికి ఈడీ పెట్టాలి, అంతే" అని మళ్ళీ ఛార్జ్‌డ్ చేయించారు. క్యూఏ నుంచి అది మళ్ళీ తిరిగొచ్చింది. మధ్యలో నలిగేది నేను.

అదే రిపోర్టులో ఇంకో రెండు వాక్యాలకి కూడా క్యూఏ ఆవిడ ఎర్రగీత పెట్టింది: "ద రియాక్టర్ వాజ్ హావింగ్ నైట్రోజన్ ప్రెషర్", "ద ఆపరేటర్ వాజ్ నాట్ నోయింగ్ ద రీజన్ ఫర్ ట్రిప్". ఇక్కడ మాత్రం ఐఎన్‌జీ తీసెయ్యమంటోంది! ఒక చోట పెట్టమని, ఇంకో చోట తీసెయ్యమని. దీనికి ఒక లెక్కా పత్రం ఉందా, లేక ఎవరిష్టం వాళ్ళదా?

బళ్ళో పాస్ట్ కంటిన్యూయస్ అంటే "నేను వెళ్ళుచుంటిని" అని బట్టీ పట్టించారు. మా ఇంట్లో గానీ మా ఊళ్ళో గానీ "వెళ్ళుచుంటిని" అన్న మనిషిని నేనింతవరకు చూడలేదు. అందుకే అది ఎప్పుడు వాడాలో తలకెక్కలేదనుకుంటా. తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి.


గ్రూప్స్ ప్రిపరేషన్ (జవాబు)

ఫార్ములా సింపుల్. వాజ్ లేదా వర్, దాని తర్వాత వెర్బ్‌కి ఐఎన్‌జీ. గతంలో ఒక పని నడుస్తుండగా ఇంకో పని మధ్యలో దూరితే, నడుస్తున్నది పాస్ట్ కంటిన్యూయస్, దూరింది సింపుల్ పాస్ట్. వైల్ తర్వాత కంటిన్యూయస్, వెన్ తర్వాత సింపుల్ పాస్ట్. బిట్ పేపర్లలో ఇలాగే ఇస్తారు, కళ్ళు మూసుకుని పెట్టెయ్యొచ్చు. మీ క్యూఏ ఆవిడ రైట్.


తణుకు మాస్టారు (జవాబు)

బాబూ, క్యూఏ ఆవిడదే సరైన మాట. మీ మేనేజరుగారి భయంలోనూ కొంత నిజముంది, దాని సంగతి తర్వాత చెప్తాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. రియాక్టర్లూ రిలేలూ నాకు తెలియవు కాబట్టి ఆ విషయంలో ఏమైనా తేడాగా అంటే మన్నించండి.

మీరు ముందు "వెళ్ళుచుంటిని"ని మర్చిపోండి. పొద్దున వచ్చే పేపర్లో జిల్లా పేజీ తియ్యండి. "రోడ్డు దాటుతుండగా లారీ ఢీకొని వృద్ధుడికి గాయాలు" లాంటి వార్త ఏదో ఒక మూల ఉంటుంది. అది చదివినవాడెవడూ ఆ పెద్దాయన అవతలి పక్కకి చేరాడా అని అడగడు. చేరలేదని "దాటుతుండగా" చెప్పేసింది. అదే "రోడ్డు దాటాక లారీ ఢీకొంది" అని రాస్తే? ఆయన క్షేమంగా అవతలికి చేరాడు, లారీయే మార్జిన్లోకి దూసుకొచ్చిందని అర్థం. తప్పు ఎవరిదన్నదే మారిపోతుంది, కేసు మారిపోతుంది. ఇంగ్లీషులో "వాజ్ క్రాసింగ్"కీ "క్రాస్‌డ్"కీ ఉన్న తేడా అచ్చం ఇదే. మీకు మాటలొచ్చినప్పటి నుంచీ తెలుగులో ఈ తేడా పాటిస్తూనే ఉన్నారు. దాన్ని మీ చేత "చుంటిని"గా మార్పించి పాడు చేసింది మా మాస్టర్లమే.

చెరువు దగ్గరి ముచ్చట ఇంకొకటి. "హీ వాజ్ డ్రౌనింగ్" అంటే మునిగిపోతున్నాడు, ఎవరైనా దూకి జుట్టు పట్టుకుని లాగితే బతుకుతాడు. "హీ డ్రౌన్‌డ్" అంటే పోయాడు, ఇక చెయ్యడానికేం లేదు. "హీ డ్రౌన్‌డ్ అండ్ వియ్ సేవ్‌డ్ హిమ్" అని రాసిన పిల్లల పేపర్లు నేను దిద్దాను. చచ్చినవాణ్ణి బతికించినట్టుంటుంది.

ఇప్పుడు మీ వాక్యానికి వద్దాం. "ద ఆపరేటర్ ఛార్జ్‌డ్ టోలుయీన్ అండ్ ద పంప్ ట్రిప్‌డ్." ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాడు దీన్ని ఎలా చదువుతాడంటే: ఆపరేటరు టోలుయీన్ ఎక్కించేశాడు, అంతా ఎక్కింది, ఆ తర్వాత పంపు ట్రిప్ అయింది. అండ్‌తో కలిపిన రెండు ఈడీలు ఒకదాని వెనక ఒకటి జరిగినట్టే వినిపిస్తాయి. అలా చదివినవాడికి కింది లైన్లో 380 లీటర్లు కనబడితే, ఎక్కించేశామని చెప్పి 380 ఏమిటి, మిగతా 220 ఎక్కడికి పోయింది అని అడుగుతాడు. ఆడిటరు పట్టుకునేది అక్కడ. మేనేజరుగారు ఏ గొడవ రాకూడదనుకున్నారో ఆ గొడవని ఈడీయే తెచ్చి పెడుతుంది.

ఐఎన్‌జీ పెడితే పని ఇంకా నడుస్తోందన్నట్టు ఉంటుందన్న ఆయన మాటకొస్తే, ఇప్పుడు నడుస్తోందన్న అర్థం రాదు. పక్కన "వాజ్" కూర్చుని ఉంది, అది పనిని ఆ రాత్రి దగ్గరే కట్టేస్తుంది. కానీ ఆయన అనుమానంలో నిజమేమిటంటే, "వాజ్ ఛార్జింగ్" ఒక్కటే ఉంటే ఆ పని చివరికి పూర్తయిందో లేదో తెలియదు. ఆ క్షణాన మధ్యలో ఉంది అన్నంతవరకే దాని పని. పూర్తయిన సంగతి ఇంకో వాక్యంలో, ఈసారి ఈడీతోనే, విడిగా చెప్పాలి. ఆ రెండో వాక్యం లేకపోతే మేనేజరుగారి భయం నిజమవుతుంది. ఉంటే ఇద్దరూ శాంతిస్తారు.

మనవాళ్ళకి ఇక్కడ చిక్కు ఎందుకొస్తుందో నాకు పిల్లల లీవ్ లెటర్లు చదివీ చదివీ తెలిసింది. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఎస్టర్‌డే" అని రాస్తారు. నిన్న అని వాడే రాస్తాడు, పక్కనే యామ్ అనీ వాడే రాస్తాడు. అది వాడి తెలివితక్కువతనం కాదు. తెలుగులో "ఇప్పుడు ఊళ్ళో ఉన్నాను" అంటాం, "నిన్న ఊళ్ళో ఉన్నాను" అనీ అంటాం. "ఉన్నాను" రెండింటికీ సరిపోతుంది. "బాధపడుతున్నాను"లో ఉన్నదీ ఆ "ఉన్నాను"యే. "నువ్వు ఫోన్ చేసినప్పుడు తింటున్నాను" అన్నా "ఆగు, తింటున్నాను" అన్నా క్రియ ఒక్కటే, కాలం సంగతి పక్కనున్న మాటలు చూసుకుంటాయి. ఇంగ్లీషు అలా ఒప్పుకోదు. యామ్ వేరు, వాజ్ వేరు. కాబట్టి తెలుగులో "-తున్నాను" అని మనసులో అనుకోగానే, ఎప్పుడు అని ఒకసారి ప్రశ్నించుకోండి. నిన్నటిదైతే వాజ్.

ఇంకో పెద్ద తప్పు "-ఏవాణ్ణి" దగ్గర జరుగుతుంది. "కాలేజీకి సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి" అన్నదాన్ని మనవాళ్ళు "ఐ వాజ్ గోయింగ్ టు కాలేజ్ బై సైకిల్" అంటారు. అక్కడ "వెంట్" చాలు, లేదా "యూజ్‌డ్ టు గో". రోజూ చేసిన అలవాటుకి వాజ్ గోయింగ్ పెడితే, వినేవాడు ఆ తర్వాత ఏదో జరిగిందనుకుని ఎదురుచూస్తాడు. వెళ్తుండగా ఏమైంది? పడ్డావా?

ఇక మీ రిపోర్టుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు వేరే ఉంది. ఈ రెండు వాక్యాలు చూడండి.

"వెన్ ద అలారం సౌండెడ్, ద ఆపరేటర్ క్లోజ్‌డ్ ద వాల్వ్."

"వెన్ ద అలారం సౌండెడ్, ద ఆపరేటర్ వాజ్ క్లోజింగ్ ద వాల్వ్."

మొదటిదాంట్లో అలారం మోగింది, అది విని ఆపరేటరు వాల్వ్ మూశాడు. శభాష్, తన డ్యూటీ చేశాడు. రెండోదాంట్లో అలారం మోగక ముందే మూయడం మొదలుపెట్టాడు, మోగేటప్పటికి చెయ్యి వాల్వ్ మీదే ఉంది. అంటే అతనికి ఏదో ముందే తెలిసి ఉండాలి, లేదా అతను వాల్వ్ కదిలించడం వల్లే అలారం మోగి ఉండాలి. ఒకే సంఘటన, రెండు వేర్వేరు విచారణలు. ఒకదాంట్లో ఆపరేటరుకి మెచ్చుకోలు వస్తే ఇంకోదాంట్లో మెమో వస్తుంది. ఒక మనిషి ఉద్యోగం ఐఎన్‌జీ మీద ఆధారపడే చోటు ఇలాంటిదే. మీరు రిపోర్టు రాసేముందు ఆపరేటరుని పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో అడగండి: "అలారం మోగగానే మూశావా, మోగేసరికి మూస్తున్నావా?" వాడు తెలుగులో ఠక్కున సరైనది చెప్తాడు. దాన్ని మీరు మార్చకుండా ఇంగ్లీషులో పెట్టండి చాలు.

పైన గ్రూప్స్ బాబు చెప్పిన వైల్, వెన్ చిట్కా పరీక్షకి పనికొస్తుంది గానీ, వెన్ తర్వాత సింపుల్ పాస్టే రావాలన్న నియమమేమీ లేదు. పై రెండు వాక్యాల్లో వెన్ తర్వాత ఈడీ ఉంది, నిజమే. "వెన్ ఐ వాజ్ వర్కింగ్ ఇన్ పుణే, ఐ మెట్ హిమ్" కూడా నిక్షేపంలాంటి ఇంగ్లీషే. వైల్ తర్వాత మాత్రం ఎక్కువగా నడుస్తున్న పనే వస్తుంది.

హావింగ్, నోయింగ్ గురించి అడిగారు. అవి పనులు కావు, స్థితులు. ఆపరేటరు "తెలుసుకోవడం" అనే పనిని రెండూ పదికి మొదలుపెట్టి రెండుంబావుకి ముగించడు. తెలుసు, లేదా తెలియదు. కాబట్టి "డిడ్ నాట్ నో". మన దగ్గర వస్తువు ఉండటం, కావాలనుకోవడం, నమ్మడం, ఒకరికి చెందడం, ఇలాంటివాటికి మామూలుగా ఐఎన్‌జీ పెట్టరు. "ఐ వాజ్ హావింగ్ టూ బఫెలోస్" అంటే రెండు గేదెల్ని భోంచేస్తున్నాను అని వాళ్ళకి వినిపించినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే "వాజ్ హావింగ్ లంచ్" మాత్రం ఒప్పే. తినడం పని, గేదెలు ఉండటం స్థితి.

"డిడ్ నాట్ వర్క్", "వాజ్ నాట్ వర్కింగ్" కూడా మీకు రోజూ తగిలేవే. "ద చిల్లర్ వాజ్ నాట్ వర్కింగ్" అంటే ఆ సమయానికి అది చెడిపోయి ఉంది. "ద చిల్లర్ డిడ్ నాట్ వర్క్" అంటే ఆన్ చేసి చూశాం, పనిచెయ్యలేదు అని ఎక్కువగా అనిపిస్తుంది. మొదటిది మెయింటెనెన్స్ వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది.

చివరిగా, లెక్క చెప్పే చోట ఐఎన్‌జీ వద్దు. "వాజ్ ఛార్జింగ్ 380 లీటర్స్" కాదు. అప్పటికి ఎక్కేసింది కాబట్టి "380 లీటర్స్ హ్యాడ్ బీన్ ఛార్జ్‌డ్". రెండు గంటలు కలిపి ఆపేశామంటే "వాజ్ స్టర్డ్ ఫర్ టూ అవర్స్". ఇంతసేపు, ఇంత మొత్తం అని ముడి వేసి చెప్పే చోట పని పూర్తయినట్టే, ఈడీతో పోతుంది.


జీడిమెట్ల క్యూఏ (జవాబు)

మాస్టారు గ్రామర్ బాగా చెప్పారు. ఇండస్ట్రీ వైపు నుంచి రెండు మాటలు నేను కలుపుతా.

బ్రదర్, డీవియేషన్ రిపోర్టులో మనిషిని ముందు పెట్టి రాయకుండా మెటీరియల్‌ని ముందు పెట్టడం మా దగ్గర అలవాటు. "ద ఆపరేటర్ వాజ్ ఛార్జింగ్ టోలుయీన్" తప్పేమీ కాదు గానీ "టోలుయీన్ వాజ్ బీయింగ్ ఛార్జ్‌డ్" అని ఎక్కువ రాస్తాం. ఇక్కడ ప్రొడక్షన్ వాళ్ళు చేసే పని ఒకటుంది. బీయింగ్ బరువనిపించి దాన్ని లేపేస్తారు. "టోలుయీన్ వాజ్ ఛార్జ్‌డ్ వెన్ ద పంప్ ట్రిప్‌డ్" అవుతుంది. అంతే, మళ్ళీ ఎక్కించేసినట్టే, ఇంకా ఘోరంగా, పంపు ట్రిప్ అయ్యాకే ఎక్కించినట్టు! "వాజ్ కూల్‌డ్", "వాజ్ బీయింగ్ కూల్‌డ్" కూడా అంతే. మొదటిది అనుకున్న టెంపరేచర్‌కి దిగిందంటుంది, రెండోది దిగుతూ ఉందంటుంది. రియాక్షన్ మాస్ దిగుతూ ఉండగా సీడింగ్ (స్ఫటికాలు కట్టడానికి ముందే ఉన్న కొన్ని స్ఫటికాలు వెయ్యడం) చేశామా, దిగాక చేశామా అన్నది క్రిస్టల్ సైజు మీద పడుతుంది. అది గ్రామర్ సమస్య కాదు, ప్రాసెస్ సమస్య.

నా పర్సనల్ ఒపీనియన్ అయితే, అనుమానం ఉన్న చోట టెన్స్ మీద బరువు వెయ్యకుండా టైములు పెట్టెయ్యండి. 01:50 ఛార్జింగ్ స్టార్టెడ్. 02:10 పంప్ ట్రిప్‌డ్, టోటలైజర్ (ఎక్కిన మొత్తం చూపే మీటరు) 380. అంతే. ఏ దేశం ఆడిటరైనా చదువుకుంటాడు. బ్యాచ్ రికార్డులో పని చేసినప్పుడే టైము వేసి సంతకం పెట్టడం ఎలాగూ మనకి తప్పదు కదా, ఆ టైములే ఇక్కడికి తీసుకురండి.

నైట్రోజన్ వాక్యానికి "ద రియాక్టర్ వాజ్ అండర్ నైట్రోజన్" చాలు. టోలుయీన్‌కి స్టాటిక్ ఛార్జ్ ఎక్కే గుణం ఉంది, మండుతుంది కూడా, కాబట్టి పంపు ఆగినప్పుడు బ్లాంకెట్ (లోపల కప్పినట్టుండే నైట్రోజన్ పొర) ఉందా లేదా అన్నది మేం అడిగే తొలి ప్రశ్న. ఆ వాక్యాన్ని గ్రామర్ భయంతో తీసెయ్యకండి, సరిచేసి ఉంచండి.


తణుకు మాస్టారు

టైముల పట్టిక మాట నిజమే, పట్టికలో కథ ఉండదు కాబట్టి తగాదా ఉండదు. కానీ ఆ పట్టిక కింద ఎప్పుడో ఒకప్పుడు "ఎందుకు జరిగింది" అని నాలుగు వాక్యాలు రాయక తప్పదు కదా, తంటా అక్కడ మొదలవుతుంది.

"వాజ్ బీయింగ్" బరువుగా ఉందని ప్రొడక్షన్ వాళ్ళొక్కరే అనుకోలేదులెండి. ఆ నిర్మాణం ఇంగ్లీషులో పద్దెనిమిదో శతాబ్దం చివరి రోజుల్లో గానీ రాలేదు. అంతకుముందు ఇల్లు కట్టబడుతోంది అనడానికి "ద హౌస్ వాజ్ బిల్డింగ్" అనే అనేవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దంలో కొందరు వ్యాకర్తలు "బీయింగ్ బిల్ట్" ఏమిటీ అసహ్యంగా అని తిట్టిపోశారు కూడా. తిట్టినవాళ్ళు పోయారు, బీయింగ్ ఉండిపోయింది.


లీడ్స్ సిస్టర్ (జవాబు)

నేను ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో నర్సుగా చేస్తున్నా. మాది ఖమ్మం. అన్నా, మీ అలారం వాక్యాల్లాంటివి మాకు ప్రతి షిఫ్టు హ్యాండోవర్‌లో ఉంటాయి. "వెన్ ఐ ఎంటర్డ్, ద పేషెంట్ వాజ్ క్లైంబింగ్ అవుట్ ఆఫ్ బెడ్" అంటే నేను వెళ్ళేసరికి దిగుతున్నాడు, పట్టుకునే వీలుంది. "క్లైంబ్‌డ్ అవుట్" అని రాస్తే నేను వెళ్ళాక, నా కళ్ళ ముందే దిగాడు, మరి నువ్వేం చేస్తున్నావమ్మా అని అడుగుతారు. పేషెంట్ పడిపోతే ఆ ఒక్క లైను మీదే మీటింగు జరుగుతుంది.

రాతలో ఇదంతా సరే, మాటల్లో ఈ టెన్స్ ఇంకో వేషం వేస్తుంది, అది ఏ గ్రామర్ పుస్తకంలోనూ నేను చదవలేదు. ఇక్కడ డాక్టర్లు ఫోన్ చేసి "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ చెక్ బెడ్ ఫోర్" అంటారు. కొత్తలో నాకు అర్థమయ్యేది కాదు. వండరింగ్ చేశావు సరే, ఇప్పుడు అక్కర్లేదా మరి? అసలు అది గతం కానే కాదు. మర్యాద. "ఐ వాంట్" అంటే మొహం మీద కొట్టినట్టుంటుందని ఒక అడుగు వెనక్కి వేసి "ఐ వాజ్ హోపింగ్", "ఐ వాజ్ థింకింగ్" అంటారు. మనం పెద్దవాళ్ళతో "మిమ్మల్ని ఒకటి అడుగుదామనుకుంటున్నా" అని నసుగుతాం చూడండి, ఆ నసుగుడే. మీ క్యూఏ ఆవిడకి మెయిల్ పెట్టేటప్పుడు వాడి చూడండి, తొందరగా సంతకం వస్తుంది.

"వాజ్ గోయింగ్ టు" కూడా అంతే. "ఐ వాజ్ గోయింగ్ టు కాల్ యూ" అంటే చేద్దామనుకున్నా, చెయ్యలేదు అని. రిపోర్టులో "ఐ వాజ్ గోయింగ్ టు చెక్ ద డ్రిప్" అని రాశారంటే చెక్ చెయ్యలేదని చేతులారా ఒప్పుకున్నట్టే.

ఇక "షి ఈజ్ ఆల్వేస్ కంప్లెయినింగ్" లాగే "హీ వాజ్ ఆల్వేస్ కంప్లెయినింగ్" అంటే ఎప్పుడూ ఫిర్యాదులేనని విసుక్కున్నట్టు. పేషెంట్ నోట్స్‌లో ఆల్వేస్‌తో ఐఎన్‌జీ అస్సలు వద్దని మా సీనియర్ చెప్పింది. "కంప్లెయిన్డ్ ఆఫ్ పెయిన్ త్రైస్" అని లెక్క రాస్తే ఎవరి మీదా విసుగు కనబడదు.

ఇంకో తమాషా. ఇక్కడివాళ్ళే "ఐ వాజ్ సిట్టింగ్" అనరు, "ఐ వాజ్ సాట్" అంటారు. "షి వాజ్ స్టుడ్ దేర్" అంటారు. ఈ ప్రాంతంలో అందరి నోటా అదే. మాటల్లో అంటారు గానీ రాతలో రాయరు. మీరు మాత్రం సిట్టింగ్ అనే రాయండి అన్నా, మన నోట "వాజ్ సాట్" వస్తే తప్పనే అనుకుంటారు.


పరవాడ నైట్‌షిఫ్ట్

మాస్టారూ, "మోగగానే మూశావా, మోగేసరికి మూస్తున్నావా" అన్న ప్రశ్న ఈరోజే మా ఆపరేటరుని అడిగి చూశాను, ఈ పంపు విషయంలోనే. "ట్రిప్పయిందని చూసి మూశాను సార్, ముందు మూస్తే డెడ్‌హెడ్ అవదా" అన్నాడు (డెడ్‌హెడ్ అంటే బయటికి దారి మూసేసి ఉండగా పంపు తిరగడం). అంటే క్లోజ్‌డ్. ఇంకో విషయం తెలిసింది: మూశాక నాకు ఫోన్ చేశాడు, మూస్తూ కాదు. అది డ్రాఫ్ట్‌లో తారుమారుగా ఉంది, ఎవరూ గమనించలేదు.

జీడిమెట్ల బ్రదర్ చెప్పినట్టు మెటీరియల్ ముందు పెట్టి, టైములు కూడా కలిపి ఇలా మార్చాను. చూసి చెప్పండి.

"ఎట్ 02:10, వైల్ టోలుయీన్ వాజ్ బీయింగ్ ఛార్జ్‌డ్ ఇంటు ద రియాక్టర్, ద ట్రాన్స్‌ఫర్ పంప్ ట్రిప్‌డ్. బై దెన్, 380 లీటర్స్ హ్యాడ్ బీన్ ఛార్జ్‌డ్. ద రియాక్టర్ వాజ్ అండర్ నైట్రోజన్. ద ఆపరేటర్ క్లోజ్‌డ్ ద ఇన్‌లెట్ వాల్వ్ అండ్ దెన్ ఇన్‌ఫార్మ్‌డ్ ద షిఫ్ట్ ఇన్‌ఛార్జ్. హీ డిడ్ నాట్ నో ద రీజన్ ఫర్ ద ట్రిప్. ద ఎలక్ట్రీషియన్ రీసెట్ ద ఓవర్‌లోడ్ రిలే ఎట్ 02:35. ద రిమైనింగ్ 220 లీటర్స్ వర్ ఛార్జ్‌డ్ బిట్వీన్ 02:40 అండ్ 02:52."

మేనేజరుగారికి చదివి వినిపించాను. చివరి వాక్యం దాకా విని "అయితే పూర్తయినట్టు కింద ఉందిగా, ఇంకేం" అన్నారు. మొదటి వాక్యం గురించి మాట్లాడలేదు. సిస్టర్, "ఐ వాజ్ హోపింగ్" మీ పేరు చెప్పి క్యూఏ మెయిల్లో పెట్టాను.


జీడిమెట్ల క్యూఏ

నేనైతే సంతకం పెట్టేస్తా. రిలే ఎందుకు కొట్టిందో రూట్ కాజ్ మాత్రం విడిగా అడుగుతారు, రెడీగా ఉండండి. ఓవర్‌లోడ్ అయింది కాబట్టి ఓవర్‌లోడ్ అని రాస్తే ఒప్పుకోరు.


తణుకు మాస్టారు

బాగుంది. మార్చాల్సిందేం లేదు. "రీసెట్"కి గతంలోనూ రీసెట్టే, ఈడీ తగిలించనందుకు సంతోషం.

"220 లీటర్స్ వర్" దగ్గర ఎవరైనా "వాజ్" చెయ్యమనొచ్చు, మొత్తాన్ని ఒకే పరిమాణంగా చూసి. రెండూ వాడుకలో ఉన్నాయి. మీ కంపెనీ పాత రిపోర్టుల్లో ఏది ఉంటే అది ఉంచండి, దానికోసం మళ్ళీ పేచీ వద్దు. ఇంకో చోట ఎప్పుడైనా ట్రాన్స్‌ఫర్‌కి ఐఎన్‌జీ కలపాల్సి వస్తే చివర ఆర్ రెండుసార్లు రాయాలి. ట్రిప్పింగ్‌లో పీ కూడా రెండుసార్లు. ఛార్జింగ్‌లో మాత్రం ఈ ఎగిరిపోతుంది.